ఇంగ్లిష్ వాళ్ల అరసున్న

మొన్న కార్తీక సోమవారం సాయంత్రం మా ఇంట్లో ముగ్గురం మూడు రకాల అవస్థల్లో ఉన్నాం. మా అమ్మకి ఆ రోజు నక్తం. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, చుక్క కనిపిస్తే గానీ అన్నం ముట్టదు, అందుకని బాల్కనీలో కుర్చీ వేసుకుని హైదరాబాద్ ఆకాశంలో చుక్క కోసం వెతుకుతోంది, ఆ లైట్లలో, ఆ దుమ్ములో అదేం చిన్న పని కాదు. నాలుగో తరగతి చదివే మా అమ్మాయి డైనింగ్ టేబుల్ మీద ఇంగ్లిష్ నోట్‌బుక్ పరుచుకుని కూర్చుంది. నేను ఆఫీస్ కాల్‌ని మ్యూట్‌లో పెట్టి దాని పక్కన కూర్చున్నాను.

హోంవర్క్ ఏంటంటే, ఓ, యు, జి, హెచ్, ఈ నాలుగు అక్షరాలు ఇదే వరసలో వచ్చే మాటలు ఐదు రాసుకుని, మర్నాడు క్లాసులో లేచి చదవాలి. రాయడం వరకూ బాగానే ఉంది. చదవడం దగ్గర మొదలైంది గొడవ. మొదటి మాట టఫ్, సరిగ్గానే చదివింది. రెండో మాటలో టి బదులు డి ఉంది, అంతే తేడా, కాబట్టి మంచి ధైర్యంగా "డఫ్" అంది. కాదమ్మా, అది డో, డోనట్‌లో ఉండే డో, అంటే పిండి ముద్ద అన్నాను. మూడోదానికి ముందు టి, హెచ్ ఉన్నాయి. "దఫ్?" "కాదు, దో." దాని మధ్యలో ఒక ఆర్ దూర్చితే నాలుగోది. "త్రో?" "కాదు, త్రూ." పెన్సిల్ కింద పెట్టేసి నా మొహంలోకి చూసింది. నేను అప్పటికప్పుడు కల్పించి చెబుతున్నానని దాని అనుమానం.

"రూల్ ఏంటి నాన్నా?"

రూల్ లేదు. నాకూ చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు.

నేను అనంతపురం జిల్లాలో తెలుగు మీడియంలో చదివినవాణ్ని. ఆరో తరగతిలో ఇంగ్లిష్ రీడర్ చేతికొచ్చింది. అందరం చేసిన పనే నేనూ చేశాను, ప్రతి ఇంగ్లిష్ మాట నెత్తిన పెన్సిల్‌తో తెలుగు రాసుకోవడం. జి పక్కన హెచ్ కనిపిస్తే మనకి ఇంకేం తోస్తుంది, ఘ తోస్తుంది. ఇప్పుడు వాట్సాప్‌లో మేఘం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేటప్పుడు మనం వాడేదీ ఆ జంటే కదా. అలా నా రీడర్‌లో రాత్రి "నైఘ్ట్" అయింది, కూతురు "డాఘ్టర్" అయింది. సార్ ఎరుపు పెన్నుతో కొట్టేసి "సైలెంట్" అన్నాడు. పలకని అక్షరం అక్కడ ఏం చేస్తోంది సార్ అని అడిగే ధైర్యం ఆ క్లాసులో ఎవడికీ లేదు, అడిగితే మనమే సైలెంట్ అయిపోయే రోజులవి. (ఘ అని నిజంగా పలకాల్సిన చోట్లు ఇంగ్లిష్‌లో లేకపోలేదు, ఘీ అనీ, ఘాట్ అనీ మన దగ్గర్నుంచి పట్టుకుపోయిన మాటలవి, వాటిని కూడా వాళ్లు ఉత్త గ తోనే లాగించేస్తారు.)

దీనివల్ల ఒక్కసారి మాత్రం నా పరువు పోయింది. కరువుకి ఇంగ్లిష్ మాట ఉంది చూడండి, డి, ఆర్, ఆ తర్వాత మన నాలుగు అక్షరాలు, చివర టి. మా జిల్లా పేరు పేపర్లో వచ్చిందంటే ఆ మాట పక్కనే వచ్చేది. లైబ్రరీలో కొన్ని వందల సార్లు చూసి ఉంటాను. థాట్, బాట్, బ్రాట్ ఎలా పలుకుతామో అలాగే దాన్ని "డ్రాట్" అని నాలో నేనే చదువుకునేవాణ్ని, బయటికి అనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, మాకు అది కరువే. ఇరవై మూడేళ్లప్పుడు ఒక ఇంటర్వ్యూలో మీ ఊరి గురించి చెప్పు అన్నారు. వేరుశనగ గురించి, బోర్ల గురించి చెప్పి, మాది "డ్రాట్" ఏరియా అన్నాను. బోర్డులో ఒకాయనకి అర్థం కాలేదు, రెండోసారి అడిగాడు, మూడోసారి అడిగి, "ఓ, డ్రౌట్!" అని నవ్వాడు. చెడ్డగా ఏం నవ్వలేదు. కానీ కరువులో పుట్టి పెరిగినవాడికి కరువు పేరు ఎలా పలకాలో ఏసీ గదిలో కూర్చున్నాయన నేర్పాల్సి వచ్చింది, అది మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఉద్యోగం వచ్చిందిలెండి.

ఆ తర్వాత ఇంకో దెబ్బ. లండన్ పక్కన స్లౌ అనే ఊరుంది, మనవాళ్లు చాలామందే ఉంటారు అక్కడ. క్లయింట్ ఆఫీస్ ఆ ఊళ్లోనే. మొదటి కాల్‌లోనే నేను దాన్ని "స్లఫ్" అన్నాను. తమాషా ఏంటంటే స్లఫ్ అనే మాట కూడా ఉంది, స్పెల్లింగ్ అచ్చంగా అదే, పాము కుబుసం విడవడం అని అర్థం. ఊరి పేరు స్లౌ, పాము చేసే పని స్లఫ్, అక్షరాలు మాత్రం పొల్లు పోకుండా అవే. ఇంకా నమ్మకం కుదరకపోతే మన పిల్లలు ఎమ్మెస్ కోసం వెళ్లే లఫ్‌బరా చూడండి. ఆ ఊరి పేరులో ఈ నాలుగక్షరాలు రెండుసార్లు వస్తాయి, మొదటిసారి "అఫ్", రెండోసారి ఉత్త "అ". ఒకే పేరులో, ఒకే గుంపు, రెండు రకాలు!

ఆ రోజు అమ్మాయితో కలిసి లెక్కపెట్టాం. టఫ్, కాఫ్, దో, త్రూ, బౌ (చెట్టు కొమ్మ), థాట్, థరా. ఏడు తేలాయి. మనం థరో అనేదాన్ని బ్రిటన్ వాళ్లు థరా అంటారు. ఎనిమిదోది కూడా ఉంది, అది ఆ సాయంత్రం ఎలా దొరికిందో తర్వాత చెబుతాను.

ఇంత గందరగోళం ఎందుకు అంటే, ఆ జి-హెచ్ మొదట్లో సైలెంట్ కాదు. పలికేవాళ్లు. ఖైరతాబాద్ అనేటప్పుడు ఉర్దూ బాగా వచ్చినవాళ్లు గొంతులోంచి గీరినట్టు ఒక ఖ పలుకుతారు చూడండి, ఇంచుమించు ఆ ధ్వని. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో రాత్రి అంటే "నిఖ్ట్". అప్పట్లో దాన్ని ఒక్క హెచ్‌తోనే రాసేవాళ్లు. 1066లో నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ని గెలుచుకున్నాక ఫ్రెంచ్ పద్ధతిలో రాయడం నేర్చిన లేఖకుల కాలం వచ్చింది. ఈ గీరుడు శబ్దానికి వాళ్ల భాషలో అక్షరం లేదు, ఆ కాలంలోనే హెచ్‌కి ముందు ఒక జి తగిలించి రాయడం మెల్లగా స్థిరపడింది.

అంతవరకూ ఇబ్బంది లేదు, పలుకుతున్నదే రాశారు. ఆ తర్వాత జనం ఆ ఖ ని గీరడం మానేయసాగారు, అదీ అందరూ ఒకేలా మానలేదు. కొన్ని చోట్ల పూర్తిగా మింగేశారు, అలా దో, త్రూ వచ్చాయి. ఇంకొన్ని చోట్ల అది ఫ అయిపోయింది. ఖ ఎక్కడ, ఫ ఎక్కడ అనిపిస్తుంది గానీ, మీరే ఒకసారి పెదాలు ఊ అన్నట్టు గుండ్రంగా పెట్టి ఆ గీరుడు ఖ పలకడానికి ప్రయత్నించండి, గాలి పెదాల దగ్గర తగులుకుని ఫ్ లాగా వినిపిస్తుంది. మా అమ్మాయి ఇది పదిసార్లు చేసి చూసింది, టేబుల్ మీద ఉమ్ము పడింది, కానీ విషయం అర్థమైంది. ఒక ప్రాంతంవాళ్లు మింగేశారు, ఒక ప్రాంతంవాళ్లు ఫ చేశారు, లండన్‌కి అన్ని యాసల జనమూ వచ్చారు, ఒక మాట ఈ యాస నుంచి, ఒక మాట ఆ యాస నుంచి నిలబడిపోయాయి. ఇందులో రూల్ వెతకడం అంటే సంతలో దొరికిన చెప్పులకి జత వెతకడమే.

పైగా సరిగ్గా ఆ గందరగోళం మధ్యలోనే అచ్చు యంత్రం దిగింది. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ప్రెస్ పెట్టాడు. అంతకుముందు బ్రూజ్ నగరంలో ఉండి ఆ పని చేసినవాడు. దయ్యం మాటలో, అదే ఘోస్ట్‌లో, జి పక్కన హెచ్ చేరడం కూడా అక్కడి ఫ్లెమిష్ రాత అలవాటు వల్లే అంటారు, ఇంగ్లిష్‌లో ఆ హెచ్‌కి అంతకుముందు ఏ పనీ లేదు. అచ్చు వల్ల స్పెల్లింగులు మెల్లగా గట్టిపడసాగాయి. నోళ్లు మాత్రం మారుతూనే ఉన్నాయి, సుమారు 1400 నుంచి 1700 దాకా ఇంగ్లిష్ వాళ్ల దీర్ఘాచ్చులన్నీ చోట్లు మార్చుకున్నాయి. అంటే ఇల్లు మారుతుండగా ఫోటో తీసి, ఆ ఫోటోనే అడ్రస్ కింద ఖాయం చేశారన్నమాట.

ఆ పాత ఖ ఎలా ఉండేదో వినాలంటే జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లల్ని అడగండి. రాత్రి అక్కడ నాఖ్ట్, ఎనిమిది అఖ్ట్, కూతురు టొఖ్టర్, నవ్వడం లాఖెన్. ఇంగ్లిష్‌లో జి-హెచ్ శవంలా పడి ఉన్నా, ఫ అయిపోయినా, చాలా చోట్ల జర్మన్‌లో అది ప్రాణంతో పలుకుతుంది. స్కాట్లండ్‌లో కూడా చెరువుని లాఖ్ అనే అంటారు, పల్లెల్లో రాత్రిని నిఖ్ట్ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఐర్లండ్‌లో చెరువుకి స్పెల్లింగ్ ఏమనుకున్నారు, ఎల్ పెట్టి ఆ వెనకే మన నాలుగు అక్షరాలూ!

ఇదంతా చెబుతూ ఉంటే బాల్కనీలోంచి మా అమ్మ, "ఏందిరా ఆ నాఖ్ట్ నాఖ్ట్ అని, నా నక్తం గురించేనా?" అంది.

నేను నవ్వేసి ఊరుకునేవాణ్ని. కానీ అది నిజంగానే దాని గురించే. నక్తం అంటే సంస్కృతంలో రాత్రి, అందుకే చుక్క చూసి రాత్రి తినే ఉపవాసానికి ఆ పేరు. సంస్కృతం, జర్మన్, ఇంగ్లిష్ అన్నీ ఒకే మూలం నుంచి విడిపోయిన భాషలు, ఈ మాట 1786లో కలకత్తాలో అక్కడి జడ్జి విలియం జోన్స్ పైకి చెప్పినప్పటి నుంచీ పండితులు తవ్వుతూనే ఉన్నారు. నక్తంలో ఉన్న క, జర్మన్ నాఖ్ట్‌లో ఖ, ఇంగ్లిష్ నైట్‌లో ఆ పలకని జి-హెచ్. మూడూ ఒకటే! అలాగే కూతురికి సంస్కృతంలో దుహిత అంటారు, అందులో హి ఉంది చూశారా, మా సార్ ఎరుపు పెన్నుతో కొట్టేసిన నా "డాఘ్టర్"లో ఘ అక్కడే ఉంది. అష్టలో ష కూడా ఎయిట్‌లో జి-హెచ్‌గానే తేలుతుంది. (మన ఎనిమిదికి వీటితో సంబంధం లేదు, అది వేరే ఇంటిది.) డెబ్భై ఏళ్ల మా అమ్మ నోట్లో రోజూ ఆడే మాట నా ఆరో తరగతి ప్రశ్నకి జవాబు అని నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

ఇంగ్లిష్‌లో బ్రాట్, థాట్, సాట్ లాంటి భూతకాలపు మాటల సంగతీ ఇంతే. థింక్ చివర క్ ఉంది, సీక్ చివర క్ ఉంది. దాని వెనకాల భూతకాలపు ట వచ్చి తగిలేసరికి క్ కాస్తా మెత్తబడి ఖ్ అయి, తర్వాత మాయమైంది, జి-హెచ్ మాత్రం అది పోయిన చోట దిష్టిబొమ్మలా మిగిలింది. టీచ్ నుంచి టాట్ కూడా ఆ దారిలోదే. క్యాచ్ మాత్రం దొంగ. అది ఫ్రెంచ్ నుంచి వచ్చిన మాట, దానికి ఈ చరిత్రేమీ లేదు, చుట్టుపక్కల వాళ్లని చూసి కాట్ అని వేషం వేసుకుంది. డిలైట్‌లో జి-హెచ్ కూడా అంతే. ఫ్రెంచ్ నుంచి శుభ్రంగా వచ్చిన మాటకి, పక్కన లైట్‌కి ఉంది కదా అని దీనికీ అంటించారు. పక్కింటివాళ్లు ఏసీ పెట్టించారని మనమూ పెట్టించినట్టు.

ఇక్కడ చాలామంది ఇచ్చే ఉపన్యాసం ఒకటుంది. తెలుగు ఎంత గొప్పది, ఎలా పలుకుతామో అలాగే రాస్తాం, ఇంగ్లిష్ వట్టి పిచ్చి భాష అని. నేనూ ఇచ్చేవాణ్ని. ఇప్పుడు ఇవ్వను. మా తాత పుస్తకాలు తెరిస్తే వాఁడు, నేఁడు, మూఁడు అని అరసున్నలు పెట్టి ఉండేవి. గుఱ్ఱం, చెఱువు బండి ఱ తో ఉండేవి. చదివేటప్పుడు తాత అరసున్నని పలికేవాడు కాదు, ఱ కీ ర కీ తేడా చూపించేవాడు కాదు. మరి ఎందుకు రాసేవాళ్లు? ఒకప్పుడు అక్కడ ముక్కుతో పలికే ధ్వని ఉండేది కాబట్టి, ఒకప్పుడు రెండు ర లు ఉండేవి కాబట్టి. ఏఱు అంటే వాగు, ఏరు అంటే గింజలు ఏరడం, చెవికి రెండూ ఒకటే, కంటికి వేరు. ఇంగ్లిష్‌లో రాయడమనే రైట్, కుడివైపనే రైట్ కంటికి వేరుగా ఉన్నట్టే. జి-హెచ్ అంటే ఇంగ్లిష్ వాళ్ల అరసున్న, అంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

జర్మన్‌లో ఖ బతికి ఉన్నట్టు మన దగ్గర ఆ ముక్కు ధ్వని కూడా చావలేదు. మా అమ్మ ఇప్పటికీ "వాండ్లు వచ్చినారు" అంటుంది. మా ఆవిడది నల్లగొండ, వాళ్లమ్మ "ఎన్నేండ్లాయె" అంటుంది. వాఁడు, ఏఁడు మాటల్లో పుస్తకం సున్నలో సగం చేసి, ఆ తర్వాత ఆ సగం కూడా తీసేసింది. ఈ ఇద్దరు పెద్దవాళ్ల నోళ్లలో అది నిండు సున్నగా ఉంది. వాటిని యాస అని నవ్వేవాళ్లు ఒకసారి ఈ లెక్క చూసుకుంటే బాగుంటుంది.

తేడా ఎక్కడ వచ్చిందంటే, మనం వదిలించుకున్నాం, వాళ్లు వదిలించుకోలేదు. గిడుగు రామమూర్తి గారు (1863-1940) వాడుక భాష కోసం పట్టుబట్టి పోరాడారు, ఆ గాలికి పత్రికలూ పుస్తకాలూ మెల్లగా అరసున్ననీ బండి ఱ నీ దింపేశాయి. అమెరికాలో, తర్వాత డిక్షనరీ రాసిన నోవా వెబ్‌స్టర్ కూడా 1789లోనే టఫ్‌ని టి-యు-ఎఫ్ అనీ, లాఫ్‌ని ఎల్-ఏ-ఎఫ్ అనీ రాద్దామన్నాడు. ఎవరూ వినలేదు. నాగలికీ, డ్రాఫ్ట్‌కీ మాత్రం ఆయన కోరిన పొట్టి స్పెల్లింగులు అమెరికాలో నిలిచాయి, మిగతావి అలాగే ఉండిపోయాయి. అయినా మనం పూర్తిగా శుభ్రం చేసుకున్నామనీ అనుకోవద్దు. వచ్చాడు అని రాస్తాం, ఆ చ్చా ని ఎలా పలుకుతున్నారో ఒకసారి గట్టిగా అని చూసుకోండి, అది చాప లో చా కాదు. చాప లో చా మళ్లీ చీమ లో చీ లాంటిది కాదు. ఆ మూడూ ఒక్క చ తోనే నడిపించేస్తున్నాం. తెలుగు నేర్చుకునే పరాయివాడు పెన్సిల్ కింద పెట్టి మన మొహంలోకి చూసే చోట్లు మనకీ ఉన్నాయి.

ఈ మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు జి-హెచ్-ఓ-టి-ఐ కథ ఎత్తుతారు, ఎనఫ్‌లో ఫ, విమెన్‌లో ఇ, నేషన్‌లో ష కలిపితే "ఫిష్" అవుతుందని, అది బెర్నార్డ్ షా అన్నాడని. షా పుట్టింది 1856లో, ఆ చమత్కారం 1855 నాటి ఒక ఉత్తరంలోనే ఉంది. పైగా అది తప్పు కూడా. జి-హెచ్ మాట మొదట్లో వస్తే ఎప్పుడూ గ నే, ఫ అయ్యేది అచ్చు వెనక మాత్రమే. ఈ ఒక్కటే నేను మా అమ్మాయికి రూల్ అని చెప్పుకోగలిగింది.

ఏడుంబావుకి మొత్తానికి చుక్క కనిపించింది. నాకైతే అది విమానమేమో అని అనుమానం, కానీ ఆకలితో ఉన్న మనిషి దగ్గర ఆ మాట అనలేదు. అమ్మ దీపం పెట్టుకుని వచ్చి అన్నం కలుపుకుంది. రోజంతా ఖాళీ కడుపు, రెండో ముద్దకే ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఎవరో తలుచుకుంటున్నారని తనే అంది, మా తమ్ముడి పేరు చెప్పింది, ఆగలేదు, అత్త పేరు చెప్పింది, ఆగలేదు. నేను నీళ్లు అందిస్తూ ఉండగా టక్కున గుర్తొచ్చింది. ఎక్కిళ్లని ఇంగ్లిష్‌లో హికప్ అంటాం, అది యు-పి తో ముగిసే మాటే. కానీ 17వ శతాబ్దంలో, ఇది కూడా ఒక రకం దగ్గే కదా అనుకుని, వెనకాల కాఫ్ మాటని అతికించి రాయడం మొదలుపెట్టారు, పలకడం మాత్రం పాతదే. అంటే ఓ-యు-జి-హెచ్ అని రాసి "అప్" అని చదవాలి. ఇదే ఎనిమిదోది. డిక్షనరీ తీసి చూపించాను. అమ్మాయికి అది ఎంత నచ్చిందో, ఐదో మాటగా దాన్నే రాసుకుంది, పక్కన చిన్నగా అవ్వ బొమ్మ కూడా వేసింది, గ్లాసుతో.

మర్నాడు సాయంత్రం నోట్‌బుక్ తెచ్చింది. నాలుగు మాటలకి రైట్ మార్కులు. ఐదోదాన్ని ఎరుపు పెన్నుతో కొట్టేసి, పైన యు-పి తో స్పెల్లింగ్ దిద్ది, కింద "బీ కేర్‌ఫుల్" అని రాసి ఉంది. అవ్వ బొమ్మకి మాత్రం ఒక స్టార్ పెట్టారు. రేపు డిక్షనరీ బ్యాగులో పెట్టి పంపనా వద్దా అని ఇంట్లో ఇంకా తేలలేదు, మా ఆవిడ వద్దంటోంది, మా అమ్మ మాత్రం పంపాల్సిందే అంటోంది.